మా వాని రొమ్ము కొలత

మా వాని రొమ్ముకు మొదట టేపు పెట్టింది నేనే. తర్వాత కర్నూలులో డాక్టరు చూసినాడు, ఆ తర్వాత కడపలో పోలీసోళ్లు చూసినారు. నాకు చదువు రాదు. టేపు మీద అంకెలు వస్తాయి, అంతే. నేను చెప్తాంటే మా ఎదురింటి కోడలు రాస్తాండాది. చెప్పమనింది మా వాడే. "యాడో ఒకింట్లో నాలాంటోడు ఉంటాడు మా, వానికి పనికొస్తుంది. పేర్లు మాత్రం పెట్టొద్దు," అన్యాడు. అందుకని పేర్లు లేవు.

మాది ఎర్రగుంట్ల. ఇంటి ముందర రేకుల కొట్టంలో మిషను పెట్టుకోని ఆడోళ్లకు జాకెట్లు కుడతా. మా ఆయన సిమెంటు లారీ తోలేవాడు. మా వాడు తొమ్మిదో తరగతిలో ఉండంగ ఆయన గుండెనొప్పి వచ్చి పోయినాడు. ఒక్కడే కొడుకు. వాని చొక్కాలు కూడా నేనే కుట్టేదాన్ని. జాకెట్లు కుట్టే చెయ్యి కాబట్టి కాలరు ఎప్పుడూ సరింగా వచ్చేది కాదు. అయినా వాడు ఏమీ అనేవాడు కాదు.

ఒక్కసారి మాత్రం అడిగినాడు. పదో తరగతి యూనిఫారానికి గుడ్డ తెచ్చినప్పుడు, "రెండు పక్కలా జేబులు పెట్టు మా, మూతలుండే జేబులు," అన్యాడు. ఏమిటికిరా అంటే ఒకదాంట్లో పెన్ను, ఒకదాంట్లో దువ్వెన అన్యాడు. సరేలే అని నిలబెట్టి కొలత తీసినా. అప్పుడు తెలిసింది. పెన్నూ కాదు, దువ్వెనా కాదు. పోయిన ఏడు కొలతకు, ఈ ఏడు కొలతకు రొమ్ము కాడ రెండంగుళాలు తేడా. నడుము అంతే ఉండాది, భుజాలు అంతే ఉండాయి. ఇరవై ఏండ్లుగా ఆడపిల్లలకు కొలతలు తీస్తాండే దాన్ని, చెయ్యి పెడితే నాకు తెలీదా. జేబులు రెండు మడతల గుడ్డతో గట్టిగా కుట్టిచ్చినా. వాడు చూసినాడు, నేను చూసినా. ఇద్దరం జేబుల గురించే మాట్లాడుకున్యాం.

మా ఆయనకు కూడా ఉండె. ఆయనకు దాని కింద పెద్ద పొట్ట ఉండె కాబట్టి పైనుండేదాన్ని ఎవరూ లెక్క చేయలే. బోరు కాడ అందరి ముందర చొక్కా విప్పి నీళ్లు పోసుకునేవాడు. మా వాడు బక్కోడు. బక్కోనికి అది వస్తే కొక్కేనికి తగిలిచ్చినట్ల కనపడ్తుంది.

మా ఊరి చుట్టూ నాపరాళ్లు తీసిన గుంతలు ఉండాయి. వానలు పడితే నిండుతాయి. ఊర్లో మొగపిల్లోళ్లందరూ ఈత నేర్చింది ఆ గుంతల్లోనే. మా వాడు కూడా పోయేవాడు, గట్టున కూర్చోని అందరి గుడ్డలకు కాపలా కాసేవాడు. ఇప్పటికీ ఈత రాదు. ఎండాకాలం మా ఊర్లో రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ ఎండలో లోపల రెండు బనీన్లు, పైన నిండు చేతుల చొక్కా. వీపు ముందుకు వంచి నడిచేవాడు. దానివల్ల చొక్కా వెనక పక్క ఎగిరి నిలబడేది. వెనక అంగుళం పొడుగు పెట్టి కుడితే సరిపోయింది. అట్ల గూని పడిన ముసిలోళ్లకు పెడతారు. నేను పదహారేండ్లోనికి పెట్టినా.

బయట వాణ్ని ఏమంటాండారో వాడు ఎప్పుడూ చెప్పలే. ఒకసారి నేనే విన్యా. ఇద్దరం అంగట్లో నుంచి వస్తాంటే వెనక ఎవడో, "ఏం అక్కా, జాకెట్టు మీ అమ్మ కాడనే కుట్టిచ్చుకుంటాండావా?" అన్యాడు. నేను తిరిగి చూసినా. మా వాడు తిరగలే, అదే నడక నడిచినాడు. ఆ మాట అనినోని తల్లి నా దగ్గరే కుట్టిచ్చేది. తర్వాత వచ్చిన ఆమె జాకెట్టుకు చంకలో బిగుతు పెట్టినా. దానివల్ల ఎవరికీ మేలు కాలే.

నాకు తెలిసిన వైద్యం నేను చేసినా. ఫారం కోళ్లకు సూదులు ఏస్తారు, అవి తింటే ఇట్ల వస్తుంది అని ఒకామె చెప్తే కోడికూర మాన్పిచ్చినా. ఇంకొకామె మీల్‌మేకర్ అనింది, అదీ మాన్పిచ్చినా. వాడు ఇంకా బక్కగయినాడు, అది అట్లనే ఉండె. మా ఊరి ఆర్‌ఎంపీ, "వయసుకొచ్చే పిల్లోళ్లకు వస్తుందమ్మా, రెండేండ్లలో దానంతట అదే పోతుంది," అన్యాడు. శానామందికి పోతుందంట. మా వానికి పోలే. రెండేండ్లు పోయినాయి, ఇంకో రెండు పోయినాయి, డిగ్రీ అయిపోయింది.

డిగ్రీ అయినాక పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టుకున్యాడు. మొదటి పరీక్ష పాసైనాడు. నేను వీధిలో చక్కెర పంచి వస్తే వాడు మొగం వేలాడేసుకోని కూచోనుండాడు.

"ఏంరా?"

"ఇంక ఈవెంట్లు మా. పరుగు, దూకుడు అన్నీ ఉంటాయి."

"నువ్వు పరిగెత్తుతావు గదా."

"దానికంటే ముందు ఎత్తు కొలుస్తారు. రొమ్ము కొలుస్తారు."

"కొలవనీ. వాళ్లు అడిగేదానికన్నా నీకు ఎక్కువే ఉండాది."

"చొక్కా విప్పి కొలుస్తారు."

"బనీను ఉంటుంది గదా."

"బనీను కూడా విప్పాల."

"లోపల గదిలోనా?"

"మైదానంలో మా. వరసగా నిలబెట్టి."

మిగిలిన చక్కెర డబ్బాలో పోసినా. వాడే, "నేను పోను," అన్యాడు.

ఈవెంట్లకు ఇంకా మూడున్నర నెలలు ఉండె. పోను అనినోడు ప్రొద్దుటూరులో కోచింగు మైదానానికి మాత్రం రోజూ మొబ్బున లేచి పోతాండె. పరిగెత్తే ఆశ ఉండాది, విప్పే ధైర్యం లేదు. పరిగెత్తితే అవి ఊగుతాండాయి, అందరికీ వెనక పరిగెత్తుతాండా అని ఒకరోజు నోరు జారినాడు. ఆ రాత్రే నేను గుడ్డ కత్తిరిచ్చినా.

జాకెట్టుకు టక్కులు వేసి గుంత తీస్తాం. ఇది దానికి ఎదురు పని, అణిచిపెట్టే పని. టక్కుల్లేకుండ రెండు మడతల పాప్లిను, నడమ కాలర్లకు వేసే బక్రము, పక్కన పది హుక్కులు. వాణ్ని ఉన్న బనీనుతోనే నిలబెట్టి, "గాలి వదలు," అని టేపు బిగించి పట్టి కొలత తీసినా. తొడుక్కోని అద్దం ముందర నిలబడినాడు. పలక మాదిరి ఉండాడు. పైన టీషర్టు ఏసుకోని, ప్యాంటులోకి దోపుకోని, పక్క నుంచి ఒకసారి చూసుకున్యాడు, అటు పక్క నుంచి ఒకసారి చూసుకున్యాడు. నా కుట్టుపనిని ఎవరూ అంతసేపు చూసుకోలే. నేను ఇంకో రెండు కుట్టిచ్చినా, మార్చుకునేదానికి. మొదట్లో పరుగుకు మాత్రం తొడుక్కునేవాడు. తర్వాత పొద్దంతా. తర్వాత పడుకునేటప్పుడు కూడా.

ఆ నెలలోనే కర్నూలు పోయినాం. కడప దగ్గరనే గానీ, కడప ఆస్పత్రిలో మా ఊరోళ్లు ఎవరో ఒకరు తగుల్తారు. కర్నూలు అయితే మమ్మల్ని ఎరిగినోళ్లు లేరు. డాక్టరు వయసులో ఉండే ఆయన. ఎన్నేండ్లుగా ఉండాది అని అడిగితే నేను చెప్పినా, పెరుగుతాండాదా అంటే నేను చెప్పినా.

"ఆయన్ని చెప్పనీ అమ్మా," అన్యాడు డాక్టరు. "మందులేమన్నా వాడినావా బాబూ?"

మా వాడు నా దిక్కు చూసి, తల వంచుకోని, జిమ్ములో ఎవరో ఇచ్చిన పొడి, దాంతోపాటు కొన్ని మాత్రలు ఏడు నెలలు మింగినా అని చెప్పినాడు. రొమ్ములో కండ పెంచితే ఇది కనపడదు అనుకున్యాడంట. డాక్టరు, "అవి ముందు మానెయ్. కొందరికి వాటివల్లే వస్తుంది, నీకు ఉన్నదాన్ని ఇంకొంచెం పెంచి ఉంటాయి," అన్యాడు. నేను కోడికూర మాన్పిచ్చిన ఇంట్లో ఇది జరిగింది.

రక్తం తీసినారు, స్కానింగు తీసినారు. చెడ్డ జబ్బేమీ లేదని తేలింది. చనుమొన కింద గట్టిగా ఒక బిళ్ల ఉండాదంట, అది కొవ్వు కాదంట, తిండి తగ్గిచ్చినా కరగదంట. మాత్రలు కొత్తగా వచ్చినప్పుడయితే పనిచేస్తాయి, ఇన్నేండ్లయినాక వాటివల్ల ఏం ఉండదు అన్యాడు. అట్లనే వదిలేసినా ప్రాణానికి ఏమీ కాదు. వద్దనుకుంటే ఆపరేషను. నల్లటి వలయం అంచున చిన్నగా కోసి బిళ్లను తీసేస్తారు.

"ఈవెంట్ల లోపల అయిపోతుందా సార్?" అని మా వాడు అడిగినాడు.

"ఆపరేషను ఒక పూట. కానీ ఆ తర్వాత నెల పైగా పరుగు లేదు, బరువు లేదు. పరుగు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల. ఈవెంట్లు ఈసారికి వదులుకుంటే ఇప్పుడే చేస్తా. లేదంటే అవి అయినాక రా. రెండూ కావాలంటే నా చేతిలో లేదు."

తెర వెనక నేను కుట్టిన బనీను చూసొచ్చి, "బాగా కుట్టినావమ్మా. దీనివల్ల కనపడదు, తగ్గదు," అన్యాడు. రాత్రి కూడా తొడుక్కుంటాండాడా అని ఆయన అడగలే, మేము చెప్పలే.

బస్సులో వస్తా మా వాడు ఆపరేషను చేయించుకుంటా అన్యాడు. ఉద్యోగం మళ్లీ ఎప్పుడు పడ్తుందో ఏమో, మత్తు ఇస్తే లేవకపోతే ఏం గతి అని నేను అన్యా. నీకు మత్తు భయం, నాకు మైదానం భయం, ఎవరి భయం గెలుస్తాదో చూద్దాం అన్యాడు.

అట్ల ఏదీ తేల్చుకోకుండానే ఇంకో నెల నడిచింది. ఈవెంట్లకు ఐదు వారాలు ఉందనంగ కోచింగులో అందరికీ కొలత తీసినారంట. మా వాడు చొక్కా మీదనే తీయిచ్చుకున్యాడంట. ఇంటికొచ్చి టేపు తీసుకోని నా ముందర పడేసినాడు.

"మామూలుగా ఎంతున్యా చాలదు మా. గాలి పీలిస్తే ఐదు సెంటీమీటర్లు పెరగాల. నాకు మూడు పెరిగింది."

"మొదట్లో ఎంత?"

"రెండు నెలల కిందట ఆరు ఉండె."

ఐదు సెంటీమీటర్లంటే రెండంగుళాలకు ఒక గీత తక్కువ. నేను తీసినా. పీల్చమన్యా. భుజాలు లేచినాయి, మెడ నరాలు లేచినాయి, టేపు మాత్రం అంగుళం పైన పావు దాటలే. మళ్లీ తీసినా, అంతే. పరిగెత్తేటప్పుడు ఆయాసం కూడా వస్తాండాదంట. సిగరెట్లు ఏమన్నా తాగుతాండావా అని వాణ్ని తిట్టినా. వాడు తాగడు.

మా వీధి చివర మొగోళ్ల గుడ్డలు కుట్టే దర్జీ ఉండాడు, సాయిబు. నేను అన్నా అంటా. యాభైకి దగ్గరపడినా ఆయనకు నేను పాపనే. బనీను బక్రము వల్ల గట్టిపడిందేమో, మెత్తటిది ఏదన్నా ఉంటే అడుగుదామని సంచిలో పెట్టుకోని పోయినా. ఆయన తిప్పి లోపల కుట్లు చూసినాడు.

"పని నీటుగా ఉండాది పాపా. కొలత ఎట్ల తీసినావు?"

"ఎట్ల తీస్తారు? గాలి వదలమని, బిగించి తీసినా."

"మొగోళ్లకు అట్ల తీయం. గాలి పీల్చమని, టేపు లోపల రెండు వేళ్లు పెట్టి తీస్తాం."

"ఆడోళ్లకు రెండు వేళ్లు పెడితే లూజయిందని గుడ్డ మళ్లీ తెస్తారన్నా."

"గాలి ఆడదని తేరా?"

"గాలి సంగతి నన్ను ఇంతవరకు ఎవరూ అడగలే."

ఆయన బనీను మడిచి నా చేతికిచ్చినాడు. "పరిగెత్తే పిలగానికి జాకెట్టు కొలతతో కుట్టినావు. రెండు నెలలుగా వాడు పైపైన ఊపిరి తీస్తాండాడు. రొమ్ము కదలడం మర్చిపోయింది."

"ఎవరికీ చెప్పొద్దన్నా."

"నేనేం చూసినా? గుడ్డ చూసినా. గుడ్డలు రోజూ చూస్తా."

ఇంటికొచ్చి మా వానికి చెప్పినా. తప్పు నాది అని కూడా చెప్పినా. వాడు అరుస్తాడనుకున్యా. అరవలే. "అయితే కత అయిపోయింది. ఈసారికి వదిలేసి ఆపరేషను చేయించుకుంటా. నువ్వు చేసింది మంచిదే అయింది, పోకుండా ఉండేదానికి ఒక సాకు దొరికింది," అన్యాడు. నవ్వుతా అన్యాడు.

"సాకు నా పేరు మీద వద్దురా," అన్యా. "విప్పేదానికి సిగ్గని మానుకో, నేనేమీ అనను. అమ్మ కుట్టిన బనీను వల్ల పోలే అని మాత్రం చెప్పొద్దు. ఐదు వారాలుండాయి. ఊపిరి నేను మళ్లీ తెప్పిస్తా."

"నువ్వు ఎట్ల తెప్పిస్తావు?"

"నాకేం తెలుసు. విప్పు ముందు."

తొమ్మిదేండ్లలో మొదటిసారి వాడు నా ముందర బనీను విప్పినాడు. నేను చూసినా. నేను రోజూ చూసేవాటి ముందర అవి ఏ పాటివి. ఆ మాట వానికి చెప్పలే.

రోజూ తెల్లారంగనే మిద్దె మీద నిలబెట్టి టేపు చుట్టేదాన్ని. పీల్చు, పట్టు, వదులు. వంద సార్లు. మధ్యాన్నం వంద. వాని మొగం ఎర్రబడేది, ఎదురు మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టే ఆమె ఏం చూస్తాండాదో నాకు తెలుసు, నేను తిరిగి చూడలే. మొదటి వారం కదల్లేదు. రెండో వారం ఒక గీత. మైదానంలో బనీను లేకుండానే పరిగెత్తడం మొదలుపెట్టినాడు, చొక్కా కింద అవి ఊగుతానే. ఒకడు, "ఏమప్పా, నీకంటే ముందు అవే పోతాండాయి," అన్యాడంట. మా వాడు, "అవునప్పా, గీత ముందు తాకేది అవే," అన్యాడంట. మిగతావాళ్లు నవ్వినారంట. ఇంటికొచ్చి అన్నం తింటా చెప్పినాడు. చెప్పిన తర్వాత ఇంకో ముద్ద పెట్టించుకున్యాడు.

అయినా పోతాడో లేదో చివరి దాకా తెలీదు. కడప బస్సు ఎక్కేటప్పుడు కూడా, "ఎత్తు కొలిచేదాక పోయి వెనక్కి వస్తా, చూద్దాం," అన్యాడు. నన్ను రావద్దన్యాడు. వేరే బస్సులో పోయినా.

మైదానం గేటు బయట నీడ లేదు. గోడ పక్కన తల్లులు, తండ్రులు టవళ్లు నెత్తిన ఏసుకోని కూచోనుండారు. పులివెందుల దిక్కు రైతు ఒకాయన నా పక్కన కూచున్యాడు.

"మా వానికి రొమ్ము చాలదని రెండు నెలల నుంచి రోజుకు ఆరు గుడ్లు పెడతాండాం," అన్యాడు. "మీ వానికి ఏం పెట్టినావమ్మా?"

"మా వానికి ముందు నుంచీ ఉండాది," అన్యా.

"అదృష్టవంతుడు," అన్యాడాయన.

ఎత్తులో పోయినోళ్లు తొందరగా బయటికొస్తాండారు. ప్రతి ఒక్కని మొగం చూస్తాంటి. మా వాడు రాలే. పదయింది, పదకొండయింది. రాకపోతే విప్పినట్టు. నేను సంచిలో ఉగ్గాని డబ్బా పెట్టుకోని అట్లనే కూచున్యా. మధ్యాన్నం దాటినాక వచ్చినాడు. మోకాళ్ల దాకా మట్టి. చేతిలో కాగితం. నన్ను చూసి, "రావద్దన్యా గదా," అన్యాడు.

"ఎంత?"

"తొంభై ఆరున్నర. పీలిస్తే నూట రెండు."

ఐదున్నర. నేను మనసులో రెండు సార్లు లెక్కపెట్టుకున్యా.

"నవ్వినారా?"

"నా వెనకోడు నవ్వినాడు. వానికి నాలుగే పెరిగింది. ఆ తర్వాత నవ్వలే."

"కొలిచినాయన ఏమన్యాడు?"

"నెక్స్ట్ అన్యాడు."

"అంతేనా?"

"అంతే మా. వాళ్లు పొద్దున్నుంచి ఎన్ని వందల రొమ్ములు చూసింటారు. తొమ్మిదేండ్లు నేను దాచింది ఆయన ఒక్క మాటలో తేల్చేసినాడు."

పరుగు కూడా దాటినాడు, దూకుడూ దాటినాడు. ఇంక చివరి రాతపరీక్ష ఉండాది. బస్సులో ఉగ్గాని తింటా, "ఆపరేషను ఇప్పుడు చేయించుకుంటా. పరీక్షకు టైం ఉండాది, కూచోని చదువుకునేదే గదా," అన్యాడు.

"ఇంక ఏమిటికిరా? అందరి ముందర విప్పినావు గదా."

"నొప్పి మా."

"ఏం నొప్పి?"

"చొక్కా రాసుకుంటే నొప్పి. పరిగెత్తితే నొప్పి. బోర్ల పడుకుంటే నొప్పి. నీ బనీను కట్టినప్పుడు ఇంకా ఎక్కువ."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

నేను అడిగింది ఎప్పుడూ అంగుళాలే. నొప్పి ఉందారా అని ఒక్కసారి అడగలే. వాడు చెప్పలే అనుకునేదానికి కూడా లేదు. జేబులు అడిగినప్పుడే నేను అడిగుండాల. డబ్బా మూత పెట్టి, "సరే చేయించుకో," అన్యా.

వచ్చే వారం ఆపరేషను. మొన్న కర్నూలు పోతే నర్సు ఒప్పుకోలు కాగితం తెచ్చింది. ఏలిముద్ర యాడ వేయాల్నో చూపించమ్మా అని నేను చెయ్యి చాపినా. "పేషెంటు వయసెంత?" అని అడిగింది. ఇరవై మూడు అన్యాడు మా వాడు. "అయితే నీది అక్కర్లేదమ్మా, ఆయనే పెడతాడు," అనింది. వాడు మొత్తం చదివినాడు, రెండు ప్రశ్నలు అడిగినాడు, సంతకం పెట్టినాడు. డాక్టరు ఈసారి లోపలికి వాణ్ని ఒక్కణ్నే పిలిచినాడు. నేను బయట బెంచీ మీద కూచోని, ముందర కూచున్నామె జాకెట్టు చూస్తాంటి. వీపు కాడ బాగా బిగుతుగా ఉండె. ఊపిరి ఆడుతాందా అని ఆమెను అడిగినా. ఆమె నన్ను ఒక మాదిరిగా చూసి పక్క బెంచీకి పోయింది.